కుక్కపిల్లకి అడ్వాన్స్ ఇచ్చేశాను, ఏ తుపాకీ కొనమంటారు?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. తొమ్మిదేళ్ళుగా అమెరికాలో ఉంటున్నాను. ఇప్పుడు కాన్సస్ రాష్ట్రం ఓవర్లాండ్ పార్క్‌లో, హెచ్-1బి మీద. పోయిన నవంబర్లో మా ఆఫీసు కొలీగ్ ఫెజెంట్ అనే అడవికోడి లాంటి పిట్టల వేటకి వెంట తీసుకెళ్ళాడు. తుపాకీ పట్టుకుని చూడమన్నాడు గానీ ఎందుకో భయమేసి పట్టుకోలేదు. వాళ్ళ కుక్క గడ్డిలో పరిగెడుతూ పరిగెడుతూ ఉన్నపళంగా శిలలా నిలబడిపోవడం చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కౌజు పిట్టల గురించి మా తాత చెప్పిన కబుర్లన్నీ గుర్తొచ్చాయి. వచ్చే సీజన్‌కి సొంతంగా మొదలుపెడదామని జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ అనే వేటకుక్క జాతి పిల్లకి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. ఉండేది రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్. ఏ తుపాకీ కొనాలి? కుక్కకి ట్రైనింగ్ ఎలా ఇవ్వాలి? అమ్మకి ఇంకా చెప్పలేదు. మా ఆవిడ "మీ ఇష్టం" అంది. ఆ గొంతుకి అర్థం ఏమిటో నాకు తెలుసు.
— ఓవర్లాండ్ పార్క్ పాఠకుడు

జవాబు: మీరు అడగని దాంతో మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి. అన్నిటికన్నా ముందు తేలాల్సింది అదే. ఆ రోజు తుపాకీ పట్టుకోవడానికి భయపడ్డారు చూశారా, ఆ భయం మీకు మేలే చేసింది. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఉన్న మినహాయింపుల్లో మీకు పనికొచ్చేది ఒకటుంది: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకి ఈ తలనొప్పి లేదు. కొన్నప్పుడు చూసుకుందాంలే అనుకోకండి. కొలీగ్ తుపాకీ ఐదు నిమిషాలు చేతిలో ఉన్నా ఇబ్బందే. లైసెన్స్ గడువు ఆదివారంతో తీరిపోతే, సోమవారం బీరువాలో ఉన్న అదే తుపాకీ మీ మీద కేసు కావచ్చు. షాపులో నింపే 4473 ఫారంలో ఈ సంగతి సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అది ఇంకో నేరం.

గ్రీన్ కార్డు క్యూలో ఉన్న మనిషి ఈ విషయంలో స్నేహితుల మాట మీదా, నా మాట మీదా కూడా నడవకూడదు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి అరగంట ఫీజు కట్టి అడగండి. మీ ఆవిడది హెచ్-4 అయితే ఆమెకీ ఇదే వర్తిస్తుంది కాబట్టి, బీరువా తాళం ఎవరి దగ్గర ఉండాలో కూడా కనుక్కోండి. అపార్ట్‌మెంట్ లీజులో తుపాకుల గురించి, కుక్కల గురించి ఏం రాసుందో ఓసారి చదవండి.

ఇక లైసెన్స్. కాన్సస్‌లో 1957 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేయాలి. పిల్లల క్లాసులా ఉంటుందని చిన్నచూపు చూడకండి. నేను వెళ్ళినప్పుడు నా పక్కన కూర్చున్నవాడికి పన్నెండేళ్ళు. ముళ్ళకంచె దాటేటప్పుడు తుపాకీ ఏం చేయాలని అడిగితే వాడు టక్కున చెప్పాడు, నేను నీళ్ళు నమిలాను. తూటాలు తీసేసి, తుపాకీ తెరిచి, కంచె కింద నుంచి అవతలకి పెట్టి, గొట్టం మన వైపు చూడకుండా, తర్వాత మనం దాటాలి. ఇద్దరుంటే ఒకరు పట్టుకోవాలి, ఒకరు దాటాలి. ఆ క్లాసు నుంచి ఇంకేమీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంటే చాలు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టిన విషయానికి వస్తాను. మీరు వరస తిరగేశారు. కుక్కకి అడ్వాన్స్ ఇచ్చి, తుపాకీ గురించి అడిగి, నడక సంగతి అసలు ఎత్తలేదు. ఈ వేటంతా నడకే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోకాలెత్తు గడ్డిలో, దున్నిన చేలలో ఎనిమిది, పది మైళ్ళు తిరిగి ఒక్క పిట్ట కూడా లేకుండా వచ్చిన రోజులు నాకు బోలెడున్నాయి. అలాంటి రోజు కూడా మీకు బాగుందనిపిస్తే అప్పుడు ఈ వేట మీకు పడ్డట్టు. అందుకే నా సలహా, వచ్చే సీజన్ మొత్తం తుపాకీ లేకుండా వెళ్ళండి. ఎవరి కుక్క వెనకైనా సరే. పిట్టలు మోయండి, కుక్కకి నీళ్ళు పట్టండి, కళ్ళు తెరుచుకుని చూడండి.

కుక్క సంగతే తీసుకోండి. షార్ట్‌హెయిర్ అద్భుతమైన జాతి, కాదనను. కానీ అది రోజుకి గంటకి తగ్గకుండా విచ్చలవిడిగా పరిగెత్తాలి. పార్కింగ్ లాట్ చుట్టూ తాడు పట్టుకుని తిప్పితే సరిపోదు. కాన్సస్‌లో ఫెజెంట్ సీజన్ నవంబర్ రెండో శనివారం మొదలై జనవరి 31తో అయిపోతుంది. శని, ఆదివారాలు లెక్కేస్తే పన్నెండు వారాంతాలు. మిగతా నలభై వారాంతాలూ, మధ్యలో ఉన్న ఆఫీసు రోజులన్నీ ఆ కుక్క మీ రెండు బెడ్‌రూముల్లోనే ఉంటుంది. అలా పన్నెండు, పద్నాలుగేళ్ళు. "మీ ఇష్టం" అన్న గొంతులో ఈ లెక్కంతా ఉందని నా అనుమానం. ఈలోపు ఇండియా వెళ్తే దాన్ని ఎవరు చూస్తారు? అడ్వాన్స్ వెనక్కి రాకపోతే పోనివ్వండి. లేదా బ్రీడర్‌తో మాట్లాడి వచ్చే ఏడాది పిల్లల్లో ఒకటి ఇవ్వమని అడగండి. మంచి బ్రీడర్లు ఇలా అడిగినవాళ్ళని ఇంకా గౌరవిస్తారు.

ఈలోపు కుక్కల్ని చూడ్డానికి మంచి చోటు ఒకటుంది. వేట కుక్కలకి పరీక్షలు పెట్టే నావ్డా అనే సంఘం 1969 నుంచి ఉంది. దాని శాఖలు ట్రైనింగ్ రోజులు పెడుతుంటాయి. కుక్క లేకుండా వెళ్ళినా, గడ్డిలో పిట్టల్ని దాచిపెట్టే పనికి మనిషి కావాలి కాబట్టి రమ్మంటారు. ఒక్క శనివారంలో షార్ట్‌హెయిర్, బ్రిటనీ, సెట్టర్, వైర్‌హెయిర్ అన్నీ పక్కపక్కనే పని చేయడం చూస్తారు. మీకు నచ్చే జాతి మారిపోయినా ఆశ్చర్యం లేదు. నాకైతే బ్రిటనీ. చిన్న ఒళ్ళు, ఇంట్లో నెమ్మది, మనిషికి మరీ దూరం పోదు. ఫెజెంట్లే ప్రధానం అనుకుంటే ల్యాబ్రడార్, స్ప్రింగర్ లాంటివి కూడా బాగా పనికొస్తాయి. అవి షార్ట్‌హెయిర్‌లా పిట్ట ఉన్నచోట నిలబడి చూపించవు, నేరుగా వెళ్ళి పిట్టని లేపుతాయి. అందుకని తుపాకీ అందే దూరంలోనే తిరిగేలా నేర్పాలి.

ట్రైనింగ్ అంతా ఇక్కడ రాయలేను. నేను చేసిన పాపం ఒకటి మాత్రం చెబుతాను. నా మొదటి బ్రిటనీ పేరు చిట్టి. ఐదు నెలల వయసులో, చప్పుడు అలవాటవుతుందని దాన్ని గాల్లోకి విసిరిన మట్టి బిళ్ళల్ని కాల్చే క్లే షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాను. మొదటి పేలుడికే ట్రక్కు కిందకి దూరింది. రెండు గంటలు రాలేదు. ఆ తర్వాత ఏడాది పాటు వంటింట్లో కుక్కర్ మూత జారిపడినా సోఫా కింద నుంచి రెండు కళ్ళు మెరిసేవి. కుక్క తప్పు కాదు, నాదే. చప్పుడుని కుక్కకి సంతోషంతో కలిపి నేర్పాలి. ముందు రెక్కలున్నదాని వెంట పరిగెత్తే పిచ్చి పట్టాలి. అది పావురం వెంటపడి ఒళ్ళు మరిచిన క్షణంలో, ఎక్కడో వంద గజాల అవతల చిన్న చప్పుడు. అది పట్టించుకోకపోతే, కొన్ని రోజుల తర్వాత ఇంకొంచెం దగ్గరగా. చెవులు వెనక్కి వాలిస్తే ఆ రోజుకి ఆపేయాలి. జూలై 4న, దీపావళికి కుక్కపిల్లని టపాకాయల దగ్గరకి తీసుకెళ్ళకండి. మన వాళ్ళింట్లో పార్టీ అయినా సరే.

మీకు నిద్ర పట్టనివ్వని ఆ నిలబడటం గురించి రెండు మాటలు. కుక్క ఎదురుగాలికి అటూ ఇటూ పాములా తిరుగుతూ వెళ్తుంది. పిట్ట వాసన సన్నగా తగలగానే తోక ఊపు మారుతుంది, పొట్టిగా, వేగంగా. తర్వాత తల పక్కకి తిరిగి, ఒళ్ళంతా బిగుసుకుంటుంది. పోయిన డిసెంబర్లో ఒక సాయంత్రం, కోసేసిన మైలో చేను అంచున ఇలాగే జరిగింది. మైలో అంటే మన జొన్నే, నడుమెత్తు దాటని పొట్టి రకం. అమెరికాలో జొన్న ఎక్కువగా పండేది కాన్సస్‌లోనే. చేను గట్టున అడవి రేగు పొదల్లా అల్లుకున్న ప్లమ్ పొదలు. చిట్టి వాటికి పదడుగుల దూరంలో ఒక ముందు కాలు ఎత్తి ఆగిపోయింది. దాని కింది పెదవి వణుకుతోంది. నేను నడుచుకుంటూ దాన్ని దాటి ముందుకి వెళ్ళాను. ఏమీ లేదు. ఇంకో అడుగు. అప్పుడు కాళ్ళ కిందే నేల పేలినట్టు పదిహేను బాబ్‌వైట్ క్వెయిల్ పిట్టలు ఒక్కసారి లేచాయి. మన పూరేడు పిట్టకి కాస్త పెద్ద చుట్టం అనుకోండి. నేను తుపాకీ ఎత్తడం కూడా మరిచిపోయాను. చిట్టి వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు మా ఆవిడ చూపు లాంటిదే.

మందలా లేచినప్పుడు అందరూ చేసే తప్పు మొత్తం గుంపు మీదకి కాల్చడం. ఒక్క పిట్ట కూడా పడదు. ఒకదాన్ని ఎంచుకోవాలి, దాన్నే చూడాలి. కానీ అంతకన్నా ముందు గుర్తుండాల్సింది, పిట్ట కింద ఆకాశం కనిపించకపోతే కాల్చకూడదు. కిందుగా ఎగిరే పిట్ట వెనక మీ కుక్క ఎగిరి దూకుతూ ఉంటుంది. పక్క వరసలో నడిచే మనిషి ఎక్కడున్నాడో ప్రతి నిమిషం తెలిసి ఉండాలి. 2006 ఫిబ్రవరిలో అప్పటి ఉపాధ్యక్షుడు డిక్ చెనీ టెక్సాస్‌లో క్వెయిల్ వేటలో లేచిన పిట్టని అనుసరిస్తూ గిర్రున తిరిగి, తోటి వేటగాడు హ్యారీ విటింగ్టన్ అనే 78 ఏళ్ళ లాయర్‌ని కాల్చారు. విటింగ్టన్ అప్పుడు నేల మీద పడిన పిట్టని వెతికి తిరిగి వస్తున్నారు. అదృష్టం కొద్దీ బతికారు. చెనీ కొత్తవాడు కాదు, ఏళ్ళ తరబడి వేటాడినవాడు. అందుకే చట్టం అడిగినా అడగకపోయినా మెరిసే ఆరెంజ్ టోపీ, ఆరెంజ్ జాకెట్ లేకుండా నేను ఎవరితోనూ నడవను.

సరే, తుపాకీ. షాపులో పన్నెండు గేజ్ అమ్మాలని చూస్తారు. గేజ్ అంటే, ఒక పౌండు సీసం లోహాన్ని ఎన్ని సమానమైన గుండ్లుగా చేస్తే ఒక్కో గుండు ఆ గొట్టంలో సరిగ్గా పడుతుందో ఆ సంఖ్య. అందుకే సంఖ్య పెరిగితే గొట్టం సన్నబడుతుంది. రోజంతా మోయాలి కాబట్టి కొత్తవాళ్ళకి ఇరవై గేజ్ చాలు. మధ్యకి విరిచి తెరిచే రెండు గొట్టాల రకం కొనమంటాను. తెరిచి చేతి మీద వేలాడదీస్తే ఖాళీగా ఉందని పదిమందికీ దూరం నుంచే తెలుస్తుంది, కొత్తవాడికి ఆ భరోసా అవసరం. డబ్బు చాలకపోతే పంప్ రకం సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది, దాంతోనూ పిట్టలు పడతాయి. నగిషీ చెక్కిన ఇటలీ తుపాకీల ఫొటోలు చూసి మనసు పారేసుకోకండి. మొదటి ఏడాది అది ముళ్ళకంచెకి గీసుకోవడం ఖాయం.

ధరకన్నా కొలత ముఖ్యం. కళ్ళు మూసుకుని ఖాళీ తుపాకీ భుజానికి ఎత్తి, కళ్ళు తెరిస్తే గొట్టం మీదుగా నేరుగా కనిపించాలి. తుపాకీ చెంప దగ్గరకి రావాలి గానీ చెంప వంగి తుపాకీ దగ్గరకి వెళ్ళకూడదు. మీ బలమైన కన్ను ఏదో ముందే చూసుకోండి. కుడిచేతి వాటం మనిషికి ఎడమ కన్ను బలంగా ఉంటే ఎన్ని తూటాలు కాల్చినా ఎందుకు తగలట్లేదో అర్థం కాక పిచ్చెక్కుతుంది. లైసెన్స్ వచ్చాక వేసవిలో క్లే రేంజ్‌కి వెళ్ళండి, కుక్క లేకుండా. ఇరవై ఐదు బిళ్ళల్లో పదో పన్నెండో తగులుతున్నాయంటే మైదానానికి రావచ్చు. తూటాలో ఉండే చిన్న గుళ్ళు క్వెయిల్‌కి ఏడున్నర నంబర్‌వి, ఫెజెంట్‌కి ఐదు గానీ ఆరు గానీ. ముప్పై ఐదు, నలభై గజాలు దాటితే వదిలేయండి. దెబ్బ తిని గడ్డిలోకి పాకిపోయిన పిట్ట రాత్రి కలలోకి వస్తుంది. పిట్ట పడిన చోటు నుంచి కళ్ళు తిప్పకుండా నేరుగా అక్కడికి నడవండి. ఈలోపు ఇంకో పిట్ట లేచినా సరే. ఇంకో మాట: కొన్ని ప్రభుత్వ భూముల్లో సీసం గుళ్ళు నిషేధం, స్టీల్ వాడాలి. ఏ చోటుకి ఏ నియమమో వెళ్ళేముందు చదువుకోండి.

కాన్సస్‌లో ఫెజెంట్ పుంజుల్ని మాత్రమే కొట్టాలి, రోజుకి నాలుగు. పెట్టని కొడితే నేరం. పుంజు లేచేటప్పుడు కేకలు పెడుతూ లేస్తుంది, మెడ చుట్టూ తెల్ల పట్టీ, పొడవు తోక. అయినా సాయంత్రం సూర్యుడికి ఎదురుగా లేస్తే రెండూ నల్లగానే కనిపిస్తాయి. అనుమానం వస్తే వదిలేయడమే. ఇంటికి తెచ్చేటప్పుడు పుంజే అని తెలిసేలా కాలో ఈకలో ఉంచాలి. క్వెయిల్ అయితే ఆడా మగా తేడా లేదు, రోజుకి ఎనిమిది.

ఎక్కడ వేటాడాలి? ఈ రాష్ట్రంలో భూమి దాదాపు అంతా రైతులదే. అందుకే 1995లో ప్రభుత్వం రైతులకి కౌలు కట్టి, వాళ్ళ పొలాల్ని జనం నడిచి వేటాడుకోవడానికి తెరిపించింది. దాన్ని విహా అంటారు. ఏటా అట్లాస్ పుస్తకం వేస్తారు, బోర్డులు ఉంటాయి, కాలినడకనే వెళ్ళాలి. పశ్చిమాన హేస్ దాటాక ఫెజెంట్లు బాగుంటాయి. మీకు ఐ-70 హైవే మీద నాలుగు గంటల ప్రయాణం. బోర్డు లేని చేలో రైతుని అడగకుండా కాలు పెట్టకండి. కంచె స్తంభాలకి ఊదారంగు పూత కనిపిస్తే, రాతపూర్వక అనుమతి లేకుండా వేటకి రావద్దని అర్థం. మన రంగు మనుషులు ఆరెంజ్ టోపీలో తలుపు కొడితే ఎలా చూస్తారోనని నేనూ మొదట్లో టెన్షన్ పడ్డాను. తుపాకీ ట్రక్కులోనే ఉంచి, టోపీ తీసి, పేరు చెప్పి అడిగాను. కొందరు కుదరదన్నారు. ఒక పెద్దాయన మాత్రం మైలో మా దేశంలో ఏం చేసుకుంటామని అడిగి, జొన్న రొట్టె చేసే విధానం పావుగంట విన్నాడు. ఆయన ఇంటి వెనక గడ్డిబీడు ఇప్పటికీ నాకు తెరిచే ఉంది. జనవరిలో రొట్టెలు పట్టుకెళ్తాను.

కుక్క పాదాల్లో ఇరుక్కునే శాండ్‌బర్ ముళ్ళు మన పల్లేరు కాయల్లాంటివే. జేబులో పటకారు లేకుండా బయల్దేరకండి. నవంబర్ ఎండలో కూడా కుక్కకి వడదెబ్బ తగులుతుంది, మీ నీళ్ళకన్నా దాని నీళ్ళు ఎక్కువ మోయండి.

తాతగారి కబుర్ల గురించి ఒక హెచ్చరిక. ఇండియా వెళ్ళినప్పుడు ఇక్కడి సరదా అక్కడ చూపించాలని ఎవరైనా పిలిస్తే వెళ్ళకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు కౌజు అయినా పూరేడు అయినా పట్టడం, కొట్టడం నేరం. తాత కాలం వేరు.

అమ్మకి ఇంకా చెప్పలేదన్నారు. మా అమ్మకి నేను పిట్ట కూర వండాకే చెప్పాను. ఫెజెంట్ కాళ్ళని నాటుకోడిలా అల్లం, మిరియాలు వేసి కుక్కర్లో బాగా ఉడికించాలి, నరాలు గట్టివి. రొమ్ము మాంసంలో కొవ్వు ఉండదు, ఎక్కువ వేపితే చెక్క ముక్క అయిపోతుంది, పెనం మీద నాలుగు నిమిషాలు చాలు. తినేటప్పుడు మెల్లగా నమలండి, గుండు పంటి కింద పడితే డెంటిస్ట్ బిల్లు తుపాకీ ధరని మించుతుంది. అమ్మ తిని, "పాపం" అని, ఇంకో ముక్క వేయమంది. మీ అమ్మగారు ఏమంటారో నేను చెప్పలేను. కానీ సీజన్ మొదలయ్యాక ఎవరో పెట్టిన ఫొటోలో చూసి తెలుసుకునేకన్నా మీ నోటితో వినడం నయం.

ఇప్పుడు చేయాల్సింది, మీ కొలీగ్‌కి ఫోన్ చేసి, "ఈసారి కూడా తుపాకీ లేకుండా వస్తాను, పిట్టల్ని నేను మోస్తాను, మధ్యాహ్నం భోజనం నాది" అనండి. కాన్సస్ చలిలో ట్రక్కు వెనక కూర్చుని తినడానికి పులిహోరని మించింది లేదు. నాలుగో సారి ఆయనే అడుగుతాడు, ఎప్పుడు వస్తున్నావని.